రెండో గుండె మీద వేలు

మల్లయ్య ఎడమచేతి బొటనవేలు ఎలుక పొట్టకి ఒక పక్కన, చూపుడువేలూ నడిమివేలూ రెండో పక్కన ఉన్నాయి. నొక్కలేదు, ఆనించాడంతే. తెల్లటి ఎలుక వెనక కాళ్లు వదిలేసి అతని అరచేతిలో నిద్రపోతున్నట్టే ఉంది. అతను కళ్లు మూసుకున్నాడు. ఛాతీలో ఉన్న దాని సొంత గుండెతో అతనికి పని లేదు, అది ఎలాగూ కొట్టుకుంటుంది. అతను వెతుకుతున్నది పొట్టలో, బొడ్డుకి కాస్త కిందుగా, మరో జాతి ఎలుక నుంచి తీసి కుట్టిన రెండో గుండెని.

దొరికింది. వేలికి తగులుతోంది కానీ నిన్నటంత గట్టిగా లేదు.

ఎలుకని బోనులో వదిలి పుస్తకంలో ఒకటో నంబరు ఎదురుగా మూడు ప్లస్‌లు వేశాడు. గట్టిగా కొడితే నాలుగు, ఆగిపోతే సున్నా. రెండోదానికి మూడు వేశాడు. మూడోదాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడి, రెండే వేశాడు. నాలుగోదానికి రెండు, అయిదు ఆరులకి మూడేసి. ఏడు, ఎనిమిది మాత్రం నిండుగా, వేలిని ఎగదోసేటట్టు కొట్టుకుంటున్నాయి.

అది గుండెలు కుట్టాక ఆరో రోజు.

పరాయి గుండెని ఒళ్లు ఊరికే ఉంచుకోదు. మందు లేకపోతే వారం తిరిగేసరికి దాన్ని కొరికి కొరికి ఆపేస్తుంది. ఒంటి కాపలాని మందుతో జోకొడితేనే ఆ గుండె నిలుస్తుంది. ఆ మందు రోజూ ఒకే వేళకి, ఒకే కొలతలో కడుపులోకి వెళ్లాలి. చిక్కేమిటంటే, రెండో గుండె ఆగినా ఎలుక చావదు. తింటుంది, తాగుతుంది, మీసాలు దువ్వుకుంటుంది. పైకి చూసి చెప్పలేం. వేళ్లు పెట్టి చూసినవాడికే తెలుస్తుంది.

ఆ వేళ్లు ఆ ల్యాబులో మల్లయ్యవే.

ల్యాబు నానక్‌రామ్‌గూడలో ఊరు అయిపోయి అద్దాల మేడలు మొదలయ్యే చోట, ఓ అయిదంతస్తుల బిల్డింగు కింది అంతస్తులో ఉంది. మల్లయ్యది నారాయణఖేడ్ పక్క పల్లె. తండ్రికి ముప్పయి గొర్రెలుండేవి. పద్నాలుగేళ్ల కింద సెక్యూరిటీ యూనిఫాం వేసుకుని ఇదే బిల్డింగు గేటు దగ్గర కూర్చున్నాడు. ఒకసారి యానిమల్ హౌస్‌లో పనిచేసేవాడు వారంపాటు రాకపోతే, బోన్లు కడగడానికి ఎవరూ దొరక్క ఇతన్ని లోపలికి పిలిచారు. రెండో రోజు ఒక ఎలుక తప్పించుకుని అలమర కిందికి దూరింది. నలుగురు చీపుర్లు పట్టుకుని వెంటపడుతుంటే మల్లయ్య నేలమీద బోర్లా పడుకుని చెయ్యి చాపి ఊరుకున్నాడు. కాసేపటికి అదే వచ్చి చేతిలోకెక్కింది. మళ్లీ గేటు దగ్గరికి పోలేదు.

మందు పట్టడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చివర చిన్న గుండు ఉన్న వంకర సూదిని నోటి పక్క నుంచి గొంతులోకి, అక్కణ్నుంచి కడుపులోకి దించాలి. అర అంగుళం తప్పితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, జంతువు చేతిలోనే పోతుంది. సైకిల్ షాపులో తెచ్చిన రబ్బరు గొట్టం మీద నెల్లాళ్లు నీళ్లతో సాధన చేశాడు. ఎలుక తనంతట తాను మింగేదాకా సూదిని ఆపాలి, తొయ్యకూడదు. ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు. గొర్రెకి నాటుమందు పోసేటప్పుడు తండ్రి అలాగే ఆగేవాడు.

గుండెలు కుట్టేది డాక్టర్ ఉదయ్ భాస్కర్. మైక్రోస్కోపు కింద, వెంట్రుక కంటే సన్నటి దారంతో కుడతాడు. తన కుట్టు ఎలా ఉందో తనకంటే ముందు మల్లయ్య వేళ్లకే తెలుస్తుందని ఆయనే అంటుంటాడు. ఈ ప్రయోగం నడిపేది జయంతి మేడమ్. కాకినాడ వైపు మనిషి, మాట మెత్తన, పని గట్టి. యానిమల్ హౌస్ ఇన్‌ఛార్జి వెటర్నరీ డాక్టర్ విశ్వేశ్వరరావు. ఆయనకి కాగితం కావాలి. మల్లయ్య దగ్గర ఏడో తరగతి టీసీ తప్ప ఏ కాగితమూ లేదు.

చలికాలంలో మూడు ఎలుకల మీద చేసి చూశారు. మూడు గుండెలూ నెలరోజులు కొట్టుకున్నాయి. ఆ ధైర్యంతో మే నెలలో ఎనిమిది పెట్టారు. తొమ్మిదో రోజు నుంచి పదకొండో రోజులోపు ఎనిమిదీ ఆగిపోయాయి. అప్పట్లో రక్తం రెండింటికే తీశారు. ఒకదానిలో మందు తక్కువ, ఇంకోదానిలో ఎక్కువ. అదే మందు, అదే కొలత అయినప్పుడు తేడా ఎందుకొచ్చింది? మందు పట్టే చెయ్యి నిలకడగా లేదని విశ్వేశ్వరరావు రిపోర్టులో రాశాడు.

ఎథిక్స్ కమిటీ మరొక్క ఎనిమిదికి ఒప్పుకుంది. ముప్పయ్యో రోజున కనీసం నాలుగు గుండెలు కొట్టుకుంటూ ఉండాలి. లేకపోతే ప్రయోగం మూత, ఇంకో జంతువుని ముట్టుకోవడానికి లేదు. ఈసారి డిప్లొమా చేసినవాళ్లతో మందు పట్టించాలని విశ్వేశ్వరరావు పట్టుబట్టాడు. ఎలుకలకి మల్లయ్య చెయ్యి అలవాటు, చెయ్యి మారితే బెదురుతాయి, బెదిరితే ఫలితం పాడవుతుందని జయంతి వాదించి అతన్నే నిలబెట్టింది. ఈసారీ పోతే మాత్రం మల్లయ్య మళ్లీ గేటు దగ్గరికే అని విశ్వేశ్వరరావు అతని ముఖం మీదే చెప్పాడు.

ఇప్పుడు ఆరో రోజుకే ప్లస్‌లు తగ్గుతున్నాయి.

ఆరో రోజున ఎనిమిదింటికీ తోక నుంచి రక్తం తీశారు. ఏడో రోజు మధ్యాహ్నం ఫలితాలొచ్చాయి. విశ్వేశ్వరరావు అతన్ని తన గదికి పిలిచి కాగితం తిప్పి చూపించాడు. ఒకటి నుంచి నాలుగో నంబరు దాకా రక్తంలో మందు ఉండాల్సిన దాంట్లో మూడో వంతు కూడా లేదు. అయిదు, ఆరు అంతంతమాత్రం. ఏడోదానికి సరిపోయింది. ఎనిమిదోదానికి రెట్టింపు.

“ఏమయ్యా, నీకు ఎనిమిదోదంటే మరీ ముద్దా? దానికి రెండు పూటల భోజనం, మిగతావాటికి ఉపవాసం.”

మల్లయ్య కాగితంలోకి చూశాడు. మే నెలలో కూడా ఇలాగే అయ్యుంటుందని, అప్పుడే ఇతన్ని తప్పించాల్సిందని ఆయన అంటూనే ఉన్నాడు. గుండెలు ఆగిన రోజే కొత్త మనిషికి కబురు పెడతానన్నాడు.

బయటికొచ్చి మల్లయ్య తూకం గదిలోకి వెళ్లాడు. మందు ఎక్కించే సిరంజినే తీసుకుని, అర మిల్లీలీటరు గీత దాకా నీళ్లు నింపి, చిన్న గిన్నెలో వదిలి తూచాడు. అర గ్రాము. మళ్లీ నింపాడు, మళ్లీ తూచాడు. పదిసార్లు తూచాడు. పదిసార్లూ తూకంలో చిట్టచివరి అంకె తప్ప ఏదీ కదల్లేదు. ఎడమచేత్తో కూడా చేసి చూశాడు. అదీ అంతే.

చెయ్యి తప్పు కాదని తేలింది. తేలినందుకు సంతోషించాలి. అతనికి అప్పుడే నిజంగా భయమేసింది. చెయ్యి తప్పైతే దిద్దుకోవచ్చు. తప్పు ఎక్కడుందో తెలియకుండా, రేపు పొద్దున మళ్లీ అదే మందు అదే చేత్తో పట్టాలి, అవి ఆగిపోతుంటే వేళ్లతో చూస్తూ కూర్చోవాలి.

ఇంటికెళ్లినా అన్నం సయించలేదు. అతని భార్య రాజమ్మ తెల్లాపూర్‌లో ఓ గేటెడ్ కమ్యూనిటీలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. ఎనిమిదేళ్లుగా షుగర్, పొద్దునా సాయంత్రం ఇన్సులిన్. అదే ఊళ్లో పాత ఇళ్ల మధ్య వాళ్లది ఒక గది కిరాయి ఇల్లు. గదిలో ఉన్న పెద్ద వస్తువు ఫ్రిజ్జే. అది కొన్నది కూరగాయల కోసం కాదు.

ఎనిమిదో రోజు పొద్దున ఆరింటికి రాజమ్మ ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ సీసా తీసి రెండు అరచేతుల మధ్య పెట్టి దొర్లించడం మొదలుపెట్టింది. చపాతీ పిండి ఉండ చేసినట్టు, తొందర లేకుండా. ఎనిమిదేళ్లుగా అతని కళ్లముందే చేస్తోంది. మల్లయ్య చాయ్ గ్లాసు పట్టుకుని ఆ చేతులకేసే చూశాడు.

ఎందుకట్ల దొర్లిస్తవని అడిగాడు.

“ఎలకల డాక్టర్‌వు గద, గిది తెల్వదా?” రాజమ్మ సీసా ఎత్తి చూపించింది. “అడుగుకు తెల్లగ కూసుంటది. దొర్లియ్యకుంటే మొదట్ల నీళ్లొస్తయ్, ఆఖర్ల మందొస్తది. దవాఖానల నర్సమ్మ చెప్పింది.”

అతను గ్లాసు కింద పెట్టాడు. చాయ్ ఒలికింది. మొదట్లో నీళ్లు, ఆఖర్లో మందు. ఒకటో నంబరు బోను నుంచి ఎనిమిదో నంబరు దాకా, రోజూ అదే వరసలో, చిన్న సీసాలోంచి, పైనుంచి కిందికి.

ఏమైంది, పరేషాన్‌గ ఉన్నవేందని రాజమ్మ అడుగుతూనే ఉంది. అతను చెప్పులు వేసుకుంటున్నాడు.

షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన సగం సీటు మీద వేలాడుతూ కూర్చున్నాడు. అందరూ మెడలో ఐడీ కార్డులు వేసుకుని ఫోన్లలోకి చూస్తున్నారు. మే నెల అతనికి మొత్తంగా గుర్తొచ్చేసింది. జయంతి మేడమ్ సోమవారం సోమవారం మందుని ఆలివ్ నూనెలో కలిపి, రోజుకొకటి చొప్పున ఏడు చిన్న సీసాల్లో పోసి ఇస్తుంది. చలికాలంలో అవి గది అలమరలోనే ఉండేవి. మే నెలలో కరెంటు ఆదా అని ఆదివారాలు ఆ గదికి ఏసీ బంద్ చేశారు. ఆ మొదటి ఆదివారం మల్లయ్య తలుపు తీసేసరికి గది కుంపటిలా ఉంది. సీసాలు చేతికి వెచ్చగా తగిలాయి. ఇంట్లో రాజమ్మ సీసా ఒక గంట బయట ఉంటేనే ఇద్దరికీ ప్రాణాలు పోతాయి. విలువైన మందు ఎండకి పాడవుతుందని అతనికి ఎనిమిదేళ్ల అనుభవం. సీసాలన్నీ తీసుకెళ్లి పక్క గది ఫ్రిజ్‌లో పెట్టాడు. అప్పట్నుంచి అక్కడే పెడుతున్నాడు. మే నెలలో బోన్ల వరస రోజుకోలా ఉండేది, అందుకే ఎనిమిదింటికీ ఒకరోజు ఉత్త నూనె, ఒకరోజు మందు పడింది. ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, గిన్నె మీద మూత పెట్టిన సంగతి ఎవరైనా ఇంకొకరికి చెబుతారా?

ల్యాబుకి చేరేసరికి ఏడున్నర. ఇంకా ఎవరూ రాలేదు. ఫ్రిజ్ తెరిచి ఆ రోజు సీసా తీసి దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. పైన నూనె పసుప్పచ్చగా తేటగా ఉంది. అడుగున వేలు మందాన తెల్లటి మబ్బు. రోజూ ఈ సీసాని పది నిమిషాలు బయట పెట్టి, రెండుసార్లు మెల్లగా వంచి, పైనుంచి సూది ముంచి తీసేవాడు. ఊపితే బుడగలొస్తాయి, బుడగ వస్తే కొలత తప్పుతుంది, కాబట్టి కుదపొద్దని జయంతి మేడమే చెప్పింది. ఆమె కలిపిచ్చిన మందు తేట ద్రావణం. దాన్ని ఊపాల్సిన అవసరం నిజంగానే లేదు. చల్లారి అడుగుకి దిగేదాకా.

గోరువెచ్చటి నీళ్లలో అయిదు నిమిషాలు పెట్టి, అరచేతుల మధ్య దొర్లిస్తే మబ్బు కరిగిపోవచ్చు. మిగిలిన సీసాలు అలమరలో పెట్టేస్తే ఇంక ఎవరికీ ఏమీ తెలియదు. ఇవాళ్టి నుంచి మందు సరిగ్గా పడుతుంది. చెయ్యి కుదురుకుందని విశ్వేశ్వరరావు అనుకుంటాడు. మేడమ్ రావడానికి అరగంట టైముంది.

సీసా ట్రేలో పెట్టి ముందు బోన్ల దగ్గరికి వెళ్లాడు. ఒకటో ఎలుక పొట్ట మీద వేళ్లు పెట్టాడు. ఎక్కడో లోతున సన్నగా ఒక ప్లస్. రెండోదానిదీ ఒకటే. మూడోదాన్ని పట్టుకున్నాడు. వేళ్లు జరిపాడు. మళ్లీ జరిపాడు. గట్టిపడిన గోలీలాంటిది తగిలింది కానీ అది కదలడం లేదు. ఎలుక మాత్రం అతని బొటనవేలు వాసన చూస్తోంది, దాని మీసాలు ఆడుతున్నాయి.

మూడో నంబరు ఎదురుగా సున్నా పెట్టాడు.

ఇవాళ్టి నుంచి మందు సరిగ్గా పట్టినా, ఇప్పటికే ఎదురు తిరిగిన ఒళ్లు ఒకటో దాని గుండెనీ రెండో దాని గుండెనీ వదలదు. దానికి ఏదైనా గట్టి మందు కావాలి. అది ఏమిటో, ఎంతో మేడమ్‌కే తెలుసు. ఎందుకు కావాలో చెప్పకుండా అడగలేడు. ఇంకా మే నెల పుస్తకం ఉంది. మందు పని చెయ్యలేదని, చెయ్యి పని చెయ్యలేదని ఆ ఎనిమిదింటి పేరన రాసి ఉంది. రెండూ అబద్ధం. ఆ ఎనిమిది గుండెల్ని ఆపింది తను.

జయంతి వచ్చేసరికి అతను సీసా పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. 

“మేడమ్, మందు ఫ్రిజ్‌ల ఉంది. పెట్టింది నేనే.”

ఆమెకి మొదట అర్థం కాలేదు. సీసా చేతిలోకి తీసుకుని వెలుగుకి పట్టి చూశాక అర్థమైంది. బ్యాగు భుజాన ఉండగానే స్టూలు మీద కూర్చుండిపోయింది.

“ఎప్పట్నుంచండీ?”

“మే నుంచి. ఏసీ బంద్ చేసిన ఆదివారం నుంచి.”

“నాతో ఒక్క మాట అనలేదేం?”

“మంచి పనే జేస్తున్న అనుకున్న మేడమ్. చెప్పేటంత పని అనుకోలే.”

 ఆమె లేచి గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో సీసా పెట్టింది. కాసేపయ్యాక తీసి దొర్లించింది. మబ్బు నెమ్మదిగా చెదిరి నూనె ఒక్క రంగుకొచ్చింది. కుదపొద్దని చెప్పింది తనేనని, సీసా ఎక్కడ పెట్టాలో కాగితం మీద రాసి అంటించనిది కూడా తనేనని ఆమె అంది. అతన్ని ఓదార్చడానికి అన్నట్టు లేదు, లెక్క సరిచూసుకున్నట్టు అంది. తర్వాత ప్లస్‌లు ఎలా ఉన్నాయని అడిగింది. చెప్పాడు. మూడోదానికి పుస్తకంలో సున్నా మీద వేలు పెట్టి చూపించాడు.

మూడు రోజులపాటు స్టెరాయిడ్ సూది వెయ్యాలంది. పనిచేస్తుందో లేదో చెప్పలేనని కూడా అంది.

విశ్వేశ్వరరావు పదింటికి వచ్చాడు. విన్నాడు. ఆయన అరవలేదు, మెమో రాయడానికి కాగితం తీశాడు.

“ఏమయ్యా మల్లయ్యా, అది మీ ఆవిడ ఇన్సులిన్ అనుకున్నావా, మా మందనుకున్నావా?”

ఆ రోజే సామాను సర్దుకోమన్నాడు. ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన ఉదయ్ భాస్కర్ తలుపు దగ్గరే ఆగాడు.

“ఆ పొట్టలో గుండె కొట్టుకుంటోందో లేదో రోజూ చెప్పాలి సార్. మీరు చెబుతారా? నా వల్ల కాదు.”

విశ్వేశ్వరరావు కలం మూసి మళ్లీ తెరిచాడు. ముప్పయ్యో రోజు దాకా అని, ముప్పై ఒకటో రోజు గేటు దగ్గర రిపోర్టు చెయ్యాలని మెమోలో రాశాడు. మల్లయ్య సంతకం పెట్టాడు.

ఆ తర్వాతి రోజుల్లో అతని పని ఇదే. సీసాని వెచ్చబెట్టడం, దొర్లించడం, వెలుగుకి పట్టి చూడడం, సిరంజిలు నింపడం. ఇప్పుడు బోన్ల వరస రోజూ మార్చేవాడు. ఇవాళ ఒకటి నుంచి, రేపు ఎనిమిది నుంచి. పదో రోజు ఒకటోది ఆగింది. పదకొండో రోజు నాలుగోది ఆగింది. అయిదు మిగిలాయి. అందులో రెండోది ఒక ప్లస్ మీదే వేలాడుతోంది. ఒకరోజు రెండుకి ఎక్కేది, మర్నాడు మళ్లీ ఒకటికి దిగేది. పొద్దున దాని బోను మూత తీసేముందు మల్లయ్య చేతులు రుద్ది వెచ్చ చేసుకునేవాడు. చల్లటి వేలు తగిలితే అది పొట్ట బిగబడుతుంది, బిగబడితే ఏమీ తెలియదు.

కాపలాని జోకొట్టిన ఒంటికి ఇంకో ప్రమాదముంది. చిన్న జలుబు కూడా చంపేస్తుంది. మల్లయ్య రెండు మాస్కులు వేసుకునేవాడు. బోన్లు రోజుకి రెండుసార్లు మార్చాడు, అడుగున పరిచే పొట్టుని వేడి చేసి చల్లార్చి పోశాడు. బస్తీలో బోనాలకి రాజమ్మ ఒక్కతే వెళ్లింది. జనంలోకి రానన్నాడు. అమ్మవారి కంటే నీకు ఎలకలే ఎక్కువైనయా అని ఆమె దెప్పింది. దెప్పి, తిరిగొచ్చాక గుమ్మంలోనే కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కుని లోపలికొచ్చింది. గేటు దగ్గర డ్యూటీ సంగతి అతను ఇంకా ఇంట్లో చెప్పలేదు.

పద్దెనిమిదో రోజు నుంచి ఎనిమిదోది తిండి తగ్గించింది. మొదటి వారంలో రెట్టింపు మందు పడింది దానికే. మూత్రపిండాలు దెబ్బతిని ఉంటాయని జయంతి అంది. మల్లయ్య గుళికల తిండిని నీళ్లలో నానబెట్టి వేలి చివర పెట్టి తినిపించాడు. రెండు రోజులు నాకింది. మూడో రోజు మొహం తిప్పుకుంది. ఊపిరిలో చిన్న గిలక శబ్దం మొదలైంది. ఇరవై రెండో రోజు పొద్దున అతను బోను తెరిచేసరికి అది ఒక పక్కకి ఒరిగి ఆఖరి ఊపిర్లు పీలుస్తోంది. చేతిలోకి తీసుకున్నాడు. అలవాటుగా వేళ్లు పొట్ట మీదికి పోయాయి. నాలుగు ప్లస్‌లు. ఎలుక తల వాలిపోయింది. పొట్టలో ఆ పరాయి గుండె ఇంకా కాసేపు కొట్టుకుంది. దాన్నే వేళ్ల కింద పెట్టుకుని, అదీ ఆగేదాకా నిలబడ్డాడు.

నాలుగు మిగిలాయి. రెండు, అయిదు, ఆరు, ఏడు. ఇంక ఒక్కటి పోయినా అంతా పోయినట్టే.

ఆ ఎనిమిది రోజులు మల్లయ్య ఆదివారం కూడా ల్యాబులోనే ఉన్నాడు. ఏసీ బందైన గదిలో సీసాలు అలమరలోనే ఉన్నాయి, మేడమ్ అంటించిన కాగితం కింద. కాస్త వెచ్చబడినా పరవాలేదని ఆమె చెప్పింది. అయినా అతను గంటగంటకీ వెళ్లి సీసా తీసి చూసేవాడు. ఇరవై ఆరో రోజు రెండోదాని దగ్గర ఏమీ తగల్లేదు. కూర్చున్నాడు, ఎలుకని ఒళ్లో పెట్టుకున్నాడు. పావుగంట తర్వాత, తన సొంత వేలి నాడి కాదని నమ్మకం కలిగాక, ఒక ప్లస్ వేశాడు. చెమటతో పుస్తకం అంచు తడిసింది.

ఆ ప్లస్‌ని విశ్వేశ్వరరావు నమ్మలేదు. ముప్పయ్యో రోజు పొద్దున ఆపరేషన్ గదిలోకి ఆయనే వచ్చి నిలబడ్డాడు. రెండోది లెక్కలోకి రావాలంటే తన కళ్లతో చూడాలన్నాడు. ప్రయోగం పూర్తయ్యే పద్ధతి ఎలాగూ అదే. మత్తిచ్చి, పొట్ట తెరిచి, గుండెని బయటికి తియ్యాలి. ఎలుక మళ్లీ లేవదు. ఆ సంగతి మల్లయ్యకి మొదటిరోజు నుంచీ తెలుసు.

ఎలుకల్ని పట్టుకునే పని అతనిదే. రెండోదాన్ని బోనులోంచి తీసేటప్పుడు అది బెదరలేదు. మత్తు గొట్టం మూతి దగ్గరికి వచ్చేదాకా అతని చొక్కా గుండీ నాకుతోంది. ఒళ్లు సడలాక బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు సర్దాడు. ఉదయ్ భాస్కర్ పొట్ట తెరిచి పేగుల్ని తడి గాజుగుడ్డతో పక్కకి జరిపాడు. పాలిపోయి, అంచుల్లో గట్టిపడిన చిన్న గుండె కనిపించింది. అందరూ వంగి చూశారు. కదల్లేదు. విశ్వేశ్వరరావు నిట్టూర్చి తల ఎత్తబోతుంటే అది ఒక్కసారి ముడుచుకుంది. ఆగింది. మళ్లీ ముడుచుకుంది.

“కొట్టుకుంటోంది,” అన్నాడు ఉదయ్ భాస్కర్. “ఒక ప్లస్సే. పుస్తకంలో ఉన్నట్టే.”

విశ్వేశ్వరరావు ఫారంలో నాలుగు అని అంకె వేసి, జయంతి చేతికిచ్చి వెళ్లిపోయాడు. ఆమె ఆ కాగితం పట్టుకుని కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఈ నాలుగింటితో కమిటీ ఇంకో ఎనిమిదికి ఒప్పుకోవచ్చని అంది. ఆ పనికి అతని చెయ్యి ఉండదని ఇద్దరికీ తెలుసు. అడుగుతానని ఆమె అనలేదు. తను అడిగినా ఆయన వినడని, ఉత్త మాట ఇవ్వనని మాత్రం చెప్పింది. మల్లయ్య తలూపాడు. ఆ మాటే అతనికి మేలనిపించింది.

మధ్యాహ్నానికి నాలుగు ఎలుకల పనీ అయిపోయింది. నాలుగు గుండెల్నీ ఒక్కొక్కటి, పాడవకుండా ఉంచే మందునీళ్ల సీసాలో వేసి మూతలు బిగించాడు. నంబరు, తేదీ రాసి అంటించాడు. బల్ల కడిగాడు. ఖాళీ బోన్లు ఎనిమిదీ సబ్బునీళ్లలో నానేశాడు. చేతులు తుడుచుకుని, మే నెల పుస్తకం తీసి ఆఖరి పేజీ తెరిచాడు. అక్షరాలు విడివిడిగా, ఒత్తి రాశాడు. “ఈ ఎనిమిదింటి మందు ఫ్రిజ్‌లో ఉంది. అడుగుకు దిగింది. పెట్టింది నేను. మల్లయ్య.” ఈ బ్యాచ్ పుస్తకంలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా సీసాలు ఎక్కడున్నాయో రాసి, దాని కిందా పేరు పెట్టాడు. అలమర తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

కణజాలం ల్యాబు నుంచి సుబ్రహ్మణ్యం థర్మాకోల్ పెట్టె పట్టుకుని వచ్చాడు. ఒక్కొక్క సీసా ఎత్తి నంబరు చదివాడు. రెండు, అయిదు, ఆరు, ఏడు. మల్లయ్య ఔనన్నాడు. పుస్తకాలు రెండూ ఇస్తున్నారేంటి, రిజిస్టరులో ఒకటే కదా రాసుందని సుబ్రహ్మణ్యం అడిగాడు. రెండూ కలిపి చదవాలని మల్లయ్య చెప్పాడు. సుబ్రహ్మణ్యం సీసాల్ని మంచుగడ్డల మధ్య సర్ది, పుస్తకాలు చంకలో పెట్టుకుని, రిజిస్టరులో అందినట్టు సంతకం చేసి పెట్టె ఎత్తుకున్నాడు.